బేస్ గిటార్‌కు గొంతిచ్చిన పెట్టె

తంబురా శ్రుతి చేసి, మీటుతూ కాసేపు కళ్లు మూసుకుని వింటే, ఎవరూ మీటని స్వరం ఒకటి వినిపిస్తుంది. నాలుగు తీగల్లో ఉన్నవి పంచమం, షడ్జమాలే. అయినా మంద్రం తీగలోంచి అంతర గాంధారం సన్నగా పైకి లేస్తుంది. విద్వాంసులు దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. మంద్రం తీగ కంపించే వేగానికి ఐదు రెట్లు వేగంతో కంపించే అనుస్వరం అది. గుర్రం మీద తీగ కింద నూలుపోగు దూర్చి, వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి ‘జీవ’ కుదిర్చేది ఇలాంటి అనుస్వరాలు పైకి రావడానికే. ఆ పోగు లాగేస్తే తీగ మోగుతుంది, కానీ అందులో జీవం ఉండదు.

బేస్ గిటార్ స్పీకర్ పెట్టె గురించి ఎవరడిగినా నేను తంబురా దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. బేస్ గిటార్ మీద అన్నిటికన్నా లావు తీగను ఏ మెట్టూ నొక్కకుండా మీటితే అది సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. గాలిలో ఆ అల పొడవు 8 మీటర్ల పైమాటే. అంత కింది ధ్వని మన చెవికి సరిగా అందదు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు 1933లోనే ఈ సంగతి కొలిచి చూపించారు: మధ్య స్థాయి స్వరాలతో సమానంగా వినపడాలంటే కింది స్వరాలకు ఎంతో ఎక్కువ బలం కావాలి. మరి ఆ తీగ ఏ స్వరం పలికిందో మనకెలా తెలుస్తోంది? 82, 123, 165 అంటూ పైపైకి పోయే అనుస్వరాల వల్ల. వాటి మధ్య ఎడం చూసి మెదడు అడుగున ఉన్న స్వరాన్ని తానే పూరించుకుంటుంది. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ పాట పక్కన ఇంకో పాటలా నడుస్తుంది. ఆయన బృందంలో ఏళ్ల తరబడి శశిధరన్ వాయించిన ఆ వరసలను మన తరం విన్నది ట్రాన్సిస్టర్ రేడియోల్లో, బస్సుల్లో డ్రైవరు తల మీది స్పీకర్లలో. వాటిలో ఏదీ 41 హెర్ట్జ్ పలకలేదు. అయినా ఆ బేస్ వరస నోటితో అనగలిగే వాళ్లు మన ఊళ్లలో ఎందరో!

అంటే బేస్ గొంతు అడుగున లేదు, నడిమిన ఉంది. సుమారు 200 నుంచి 800 హెర్ట్జ్ దాకా ఉన్న ఆ నడిమి మేరను వాయించేవాళ్లు ‘మిడ్స్’ అంటారు. దాన్ని బలంగా పలికే పెట్టె పుట్టడానికి మాత్రం చాలాకాలం పట్టింది. ఎందుకంటే, పెట్టెలు చేసేవాళ్లంతా అడుగు కోసమే వెతికారు.

ఈ వెతుకులాట న్యూయార్క్‌లో ఎవరెట్ హల్ అనే డబుల్ బేస్ వాద్యకారుడితో మొదలైంది. 1940లలో బాకాల హోరు మధ్య నిలువెత్తు డబుల్ బేస్ వినపడేది కాదు. ఆ వాద్యం నేల మీద ఒక ఇనుప పెగ్ ఆనుకుని నిలబడుతుంది. హల్ ఆ పెగ్‌కు మైకు అమర్చి వాద్యం కడుపులోకి ఎక్కించాడు. ఆంప్లిఫయర్‌కు కలిపిన పెగ్ కనక దాని పేరు ‘ఆంపెగ్’. 1946లో స్టాన్లీ మైకేల్ అనే ఇంజినీరుతో కలిసి వ్యాపారం పెట్టాడు. మైకేల్ వెళ్లిపోయాక 1949లో తన సొంత కంపెనీకి ఆ పేరే ఉంచాడు. హల్‌కు ధ్వని స్వచ్ఛంగా ఉండాలి, చిన్న జీర కూడా పనికిరాదు. రాక్ సంగీతం అంటే గిట్టేది కాదు. 1960లో ఆయన దగ్గర పనిచేసే జెస్ ఆలివర్ పోర్టాఫ్లెక్స్ అనే ముచ్చటైన పెట్టె చేశాడు. 15 అంగుళాల స్పీకర్ ఒకటి. పని అయ్యాక ఆంప్లిఫయర్‌ను తలకిందులుగా తిప్పితే పెట్టెలోకే దిగిపోయి మూతలా కూర్చుంటుంది. స్టూడియోల్లో ఇప్పటికీ దానికి భక్తులున్నారు. కాకపోతే అది పాతిక వాట్ల పెట్టె.

అదే కాలంలో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. మెట్లున్న, భుజాన వేలాడదీసుకునే బేస్ అది. మరుసటి ఏడాది దానికి తోడుగా బేస్‌మ్యాన్ అనే ఆంప్లిఫయర్ చేశాడు. మొదట అందులోనూ ఒక్క 15 అంగుళాల స్పీకరే. రెండు మూడేళ్లు తిరక్కుండానే దాన్ని తీసేసి నాలుగు 10 అంగుళాల స్పీకర్లు పెట్టాడు. స్పీకర్లలో కంపించే కోన్లు చిన్నవైతే తేలిగ్గా కదులుతాయి, నడిమి స్వరాలను చురుగ్గా పలుకుతాయి. దారి సరైనదే. కానీ పెట్టె వెనకవైపు తెరిచి ఉంది. కోన్ ముందుకు తోసిన గాలి, వెనక్కి లాగిన గాలి కింది స్వరాల దగ్గర కలిసిపోయి ఒకదాన్నొకటి మింగేస్తాయి. బేస్ బలహీనపడింది. ఆ మిడ్స్‌కు, ఆ జీరకు మామూలు గిటార్ వాళ్లు ముగ్ధులైపోయి పెట్టెను ఎత్తుకుపోయారు. లండన్‌లో జిమ్ మార్షల్ తన మొదటి ఆంప్లిఫయర్‌ను ఆ బేస్‌మ్యాన్ సర్క్యూట్ చూసే కట్టించాడు. బేస్ కోసం చేసిన యంత్రం గిటార్ల చేతిలో పెరిగి పెద్దదై, చివరికి బేస్‌నే ముంచేసింది.

ఆ ముంపు మామూలుది కాదు. 1960ల చివరికి ఒక్కో గిటార్ వెనక వంద వాట్ల ఆంప్లిఫయరు, 12 అంగుళాల స్పీకర్లు ఎనిమిదేసి నిలబడేవి. ఇవాళ్టిలా ప్రతి వాద్యాన్నీ మిక్సర్‌లో కలిపి హాలు స్పీకర్లకు పంపే ఏర్పాటు అప్పటికి బాగా కుదరలేదు. హాలు స్పీకర్లు ముఖ్యంగా పాడేవాళ్ల కోసమే. బేస్ ఆఖరి వరస దాకా పోవాలంటే వేదిక మీది పెట్టే మోసుకుపోవాలి. కంపెనీలన్నీ కోన్ పెద్దది చేయడమే మందనుకున్నాయి. 15 చాలకపోతే 18. అకౌస్టిక్ అనే కంపెనీ తన 360 మోడల్‌కు తోడైన పెట్టెలో 18 అంగుళాల స్పీకర్‌ను వెనక్కి తిప్పి, చెక్కతో మడతలు పెట్టిన బూర గుండా ధ్వనిని బయటకు పంపింది. లెడ్ జెప్లిన్‌లో బేస్ వాయించిన జాన్ పాల్ జోన్స్, ఆ తర్వాత మరో బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ దాంతో అద్భుతాలు చేశారు. అయితే మడతల బూర పెట్టె ధ్వని కొంత దూరం పోయాక గానీ పూర్తిగా విచ్చుకోదు. ఎదుట నిలబడి వాయించేవాడికి తన వేళ్ల మాట సరిగా అందదు. పికప్పే జాకో మిడ్స్‌ను కాపాడింది. గుర్రం పక్కనున్న పికప్‌ను పెంచి, కుడిచేతిని అక్కడికే జరిపి మీటడం వల్ల అతని బేస్ మనిషి గొంతులా పలికేది.

ఇంతలో ఆంపెగ్ చేతులు మారింది. 1967లో హల్ కంపెనీని అమ్మేశాడు, 1968లో అందులోంచి పూర్తిగా తప్పుకున్నాడు. కొత్త యాజమాన్యానికి రాక్ అంటే పేచీ లేదు. బిల్ హ్యూస్, రోజర్ కాక్స్ అనే ఇంజినీర్లకు అప్పగించిన పని ఏమిటంటే, పెద్ద మైదానాల్లో గిటార్ల గోడను దాటి బేస్ వినపడాలి. వాళ్లు 1969లో తెచ్చినదాని పేరు ఎస్వీటీ, అంటే సూపర్ వాక్యూమ్ ట్యూబ్. 14 వాక్యూమ్ ట్యూబులు, 300 వాట్లు. ఆంప్లిఫయర్ ఒక్కటే సుమారు 40 కిలోలు. అయితే నా దృష్టిలో చరిత్ర మార్చింది ఆ ట్యూబులు కాదు, వాటి కింద నిలబెట్టిన పెట్టె.

నాలుగడుగుల ఎత్తు. అందులో రెండేసి చొప్పున నాలుగు వరసల్లో ఎనిమిది స్పీకర్లు. ఒక్కొక్కటీ 10 అంగుళాలే. లోకమంతా 18 వైపు పోతుంటే వీళ్లు పదికి దిగారు. కానీ లెక్క వేసి చూడండి. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పది పదులు వంద, అలాంటివి ఎనిమిది కలిస్తే ఎనిమిది వందలు. పదిహేను పదిహేనులు రెండు వందల పాతిక. పద్దెనిమిది పద్దెనిమిదులు మూడు వందల ఇరవై నాలుగు. అంటే ఎనిమిది చిన్న కోన్లు కలిసి ఒక 15 అంగుళాల కోన్ కంటే మూడున్నర రెట్లు, 18 కంటే దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ గాలిని పట్టుకుంటాయి. గాలిని తోసే బలం ఏనుగుది, కోన్ బరువు మాత్రం పిట్టది. వేలు తీగను వదిలిన క్షణంలో పుట్టే నడిమి అనుస్వరాలను ఆ తేలిక కోన్లు మొద్దుబార్చకుండా పలుకుతాయి.

రెండో సంగతి, వెనక మూసేశారు. ఫెండర్ తెరిచి వదిలిన వైపును వీళ్లు గాలి చొరకుండా బిగించారు. అంతేకాదు, పెట్టెను లోపల నాలుగు అరలు చేసి ఒక్కో అరలో రెండేసి స్పీకర్లు కూర్చోబెట్టారు. అర చిన్నది కనక అందులో చిక్కిన గాలి బిర్రుగా స్ప్రింగులా పనిచేస్తుంది. కోన్ ఎంత దూరం పోవాలో, ఎప్పుడు ఆగాలో ఆ గాలే చెబుతుంది. మూసిన పెట్టె ముందు కూర్చుని, వల తీసేసి, కోన్ మీద రెండు అరచేతుల వేళ్లూ సమంగా ఆనించి మెత్తగా నొక్కి చూస్తే ఈ సంగతి చేతికి తెలుస్తుంది. పొంగిన పూరీని నొక్కినట్టు, లోపలి నుంచి గాలి ఎదురు తిరుగుతుంది. వదలగానే కోన్ తిన్నగా తన చోటికి వచ్చి ఆగిపోతుంది. వాయించేటప్పుడు కూడా అంతే, వేలు తీగ మీద పడి ఆపిన చోట స్వరం తెగుతుంది. మృదంగంలో ఎడమ అరచేయి తొప్పి మీద పడి గుముకిని ఆపినట్టు. ఒకే పెద్ద గదిలో ఎనిమిదీ ఉంటే ఒక స్పీకర్ పాడైన రోజు మిగతావాటి గాలి దాన్ని ఇష్టం వచ్చినట్టు ఊపేస్తుంది. అరల వల్ల ఆ బెడద కూడా పోయింది.

దీనికి చెల్లించిన మూల్యం అడుగు స్వరం. ఇప్పుడు అమ్మే ఆ తరహా పెట్టె వివరాల కాగితం చూస్తే 58 హెర్ట్జ్ దగ్గరే మూడు డెసిబెల్స్ పడిపోతుంది, 40 దగ్గరికి వచ్చేసరికి పది. అంటే లావు తీగ మూల స్వరాన్ని అది సగం కూడా పలకదు. కాగితం చదివి కొనేవాడు ఇదేం బేస్ పెట్టె అని పక్కన పెట్టేస్తాడు. వేదిక మీద ముందు నిలబడినవాడు మాత్రం కదలడు. అడుగున పోయినదాన్ని మెదడు పూరించుకుంటుంది, నడిమిన ఉన్నది గుండెకు తగులుతుంది. ఆంప్లిఫయర్‌లో కూడా మిడ్స్ కోసం విడిగా మూడు స్థానాల స్విచ్ పెట్టారు: 220, 800, 3000 హెర్ట్జ్. ఆ మూడు అంకెలు చూస్తే చాలు, చేసినవాళ్లు బేస్ గొంతు కోసం ఎక్కడ వెతికారో తెలుస్తుంది.

మూడోది ఎత్తు. నేల మీద పెట్టిన చిన్న పెట్టె మిడ్స్ అన్నీ వాయించేవాడి మోకాళ్లకు తగిలి పోతాయి. కింది స్వరాలు ఎటైనా చుట్టుకుని వస్తాయి కనక చెవికి అవే అందుతాయి. అది విని అతను మిడ్స్ తగ్గాయనుకుని ట్రెబుల్ పెంచుతాడు, ఎదురుగా ఉన్న జనం చెవులు మూసుకుంటారు. నాలుగడుగుల పెట్టెలో పై వరస ఛాతీ ఎత్తుకు వస్తుంది. తాను వాయించేది తనకు వినపడుతుంది.

పరీక్ష వెంటనే వచ్చింది. 1969 శరత్కాలంలో రోలింగ్ స్టోన్స్ అమెరికా పర్యటనకు ముందు లాస్ ఏంజెలెస్‌లో రిహార్సల్స్ చేస్తున్నారు. ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్న ఆంప్లిఫయర్లు అమెరికా కరెంటు మీద చేతులెత్తేశాయి. ఆంపెగ్ తరఫున అక్కడ పనిచేస్తున్న రిచ్ మండెల్లాకు కబురు వెళ్లింది. ఇంకా ప్రయోగ దశలో ఉన్న ఎస్వీటీ ఆంప్లిఫయర్లను, ఈ పెట్టెలను ఆయన స్టూడియోకు మోయించుకొచ్చాడు. బిల్ వైమన్ బేస్‌కే కాదు, గిటార్లకు కూడా అవే వాడారు. మండెల్లా వాటిని కనిపెట్టుకుని పర్యటన అంతా వెంట తిరిగాడు. నవంబరులో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆ బృందం కచేరీలు రికార్డు చేసిన నాటికి, వారి వెనక గోడలా నిలబడ్డవి ఇవే. అప్పట్లో ఒక్కో పెట్టె 240 వాట్లే ఓర్చేది, ఆంప్లిఫయర్ ఇచ్చేది 300. అందుకే ఒక్కో ఆంప్లిఫయర్‌కు రెండేసి పెట్టెలు కావలసి వచ్చాయి. మోసిన కుర్రాళ్ల నడుములకే తెలియాలి. తర్వాత వచ్చిన మోడల్ కూడా అరవై కిలోలు దాటుతుంది. వెనక కడ్డీ, కింద చక్రాలు ఉన్నా మేడ మెట్ల దగ్గర నలుగురు పట్టవలసిందే. ఆ నిలువెత్తు ఆకారం చూసి వాయించేవాళ్లు దాన్ని ‘ఫ్రిజ్’ అని పిలవడం మొదలుపెట్టారు.

1980లలో అభిరుచి పక్కదారి పట్టింది. బొటనవేలితో తీగను కొట్టి వాయించే పద్ధతి జోరందుకుంది. దానికి అడుగు గుబగుబలాడాలి, పైన టిక్కుటిక్కుమనాలి. స్టీవ్ రేబ్ 1984లో స్థాపించిన ఎస్‌డబ్ల్యూఆర్ కంపెనీ నాలుగు పదుల (10 అంగుళాల స్పీకర్ల) పెట్టెకు ట్వీటర్ జోడించింది. లారీ హార్ట్‌కీ అల్యూమినియం కోన్లు తెచ్చాడు. బాగా చేసిన పెట్టెలవి, వాటిని తప్పు పట్టను. వాటితో పాటు ఈక్వలైజర్‌లో నడిమి మీటలన్నీ కిందికి దించేసే అలవాటు వచ్చింది చూశారూ, అదే కొంప ముంచింది. షాపులో ఒంటరిగా వాయిస్తే అమృతంలా ఉంటుంది. బ్యాండ్ మొదలుకాగానే అడుగును కిక్ డ్రమ్ తీసుకుంటుంది, పైభాగాన్ని తాళాలు తీసుకుంటాయి. బేస్‌కు మిగిలేది ఏమీ లేదు.

నేనిది చదివి నేర్చుకోలేదు. ఇరవైల్లో రాజమండ్రిలో ఒక పెళ్లి ఆర్కెస్ట్రాకు వాయించేవాణ్ని. అద్దెకు తెచ్చిన 15 అంగుళాల పెట్టె, లోపలి గాలి బయటకు పోయే గొట్టం ఉన్నది. ఇంట్లో వాయిస్తే కిటికీ రెక్కలు అదిరేవి. ఫంక్షన్ హాలులో చెక్క వేదిక మీద ఒక మూలకు నెట్టి పెట్టాను. మూల గోడలు, కింద డొల్ల వేదిక కలిసి అడుగును రెట్టింపు చేశాయి. హాలంతా హోరు, అందులో స్వరం లేదు. రెండో పాటకే డ్రమ్స్ కుర్రాడు వెనక నుంచి అరిచాడు, “అన్నా, నువ్వు వాయిస్తున్నావా లేదా?” వాల్యూమ్ పెంచాను. హోరు పెరిగింది. ఆ రాత్రి పెళ్లికూతురు తండ్రి స్వయంగా వచ్చి, బాబూ ఆ మోత కొంచెం తగ్గించండి అని చేతులు పట్టుకుని అడిగాడు.

ఇప్పుడు పెట్టె ఎంచుకోవాలని అడిగేవాళ్లకు నేను చెప్పేది అందులోంచే వచ్చింది. ఎనిమిది పదుల పెట్టె అందరికీ అక్కర్లేదు, ఆటోలో పట్టదు కూడా. దాని గుణాలు చిన్న పెట్టెల్లోనూ దొరుకుతాయి. మూసిన పెట్టెలో కింది స్వరాలు నిదానంగా, ఒక్కో స్థాయికి (ఆక్టేవ్‌కు) 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతాయి. గొట్టం ఉన్నదాంట్లో ఒక హద్దు దాకా నిండుగా ఉండి, ఆ కింద 24 చొప్పున దబ్బున పడతాయి. గొట్టమంటే చెడ్డదని కాదు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో ఆ లెక్కలు వేశాడు, తర్వాత రిచర్డ్ స్మాల్ వాటిని పూర్తి చేశాడు. అవి తెలిసి చేసిన పెట్టె మంచిదే, తెలియకుండా చేసింది ఒక్క స్వరం దగ్గరే మోత మోగుతుంది. కాగితం మీద ఎన్ని వాట్లో కాదు, ఒక వాటుకు ఎన్ని డెసిబెల్స్ ఇస్తుందో చూడాలి. మూడు డెసిబెల్స్ తేడా అంటే ఆంప్లిఫయర్‌ను రెట్టింపు చేసినంత. నియోడిమియం అయస్కాంతాల స్పీకర్లు వచ్చాక బరువు చాలా తగ్గింది, నడుము నొప్పి సాకుతో మిడ్స్ వదులుకోనక్కర్లేదు. ఇక షాపులో ఒంటరిగా వాయించి కొనొద్దు. వీలైతే డ్రమ్స్ వాయించేవాణ్ని వెంట తీసుకెళ్లండి. ఈక్వలైజర్ అంతా మధ్యలో ఉంచి, లావు తీగ మీద ఐదో మెట్టు నుంచి కిందికి ఒక్కో మెట్టూ దిగుతూ వాయించాలి. ప్రతి స్వరం పేరు చెప్పగలిగేలా వినపడితే, ఏ ఒక్కటీ ఉబ్బకుండా ఉంటే అది కొనదగ్గ పెట్టె.

ఆ పెళ్లి తర్వాత రెండు నెలలకు అదే హాలులో ఇంకో పెళ్లి. ఈసారి తెచ్చింది రెండు పదుల మూసిన పెట్టె. పక్కపక్కన ఉన్న రెండు స్పీకర్ల ధ్వనులు పక్కల కూర్చున్నవాళ్ల దగ్గరికి చేరేసరికి మిడ్స్‌ను ఒకదాన్నొకటి కోసేసుకుంటాయని అప్పటికి తెలిసింది. అందుకే పెట్టెను అడ్డంగా కాక నిలువుగా తిప్పి, మూల నుంచి బయటకు లాగి, వంటవాళ్లను అడిగి తెచ్చిన చెక్క బల్ల మీద నిలబెట్టాను. పై స్పీకర్ నా చెవికి దగ్గరగా వచ్చింది. మొదటి పాట పల్లవి అయ్యేసరికి డ్రమ్స్ కుర్రాడి కాలు నా వేలితో కలిసి పడుతోంది. అతను తలెత్తి చూడలేదు, అరవలేదు. వాల్యూమ్ మీట సగానికి కూడా పోలేదు.